దానిమ్మ తొక్క చలికి తోడే, బదులు కాదు

కోడిమాంసం రెండు రకాలుగా పాడవుతుంది. సూక్ష్మజీవుల వల్ల కుళ్లడం అందరికీ తెలిసిందే. గాలిలోని ఆక్సిజన్ వల్ల కొవ్వు చెడిపోవడం గురించి మాత్రం మాంసం పరిశ్రమ బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. మేక, గొర్రె మాంసాలతో పోలిస్తే కోడి కొవ్వులో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ. ఆక్సిజన్‌కు అవి ఇట్టే లొంగిపోతాయి. మాంసాన్ని ఖీమా కొట్టినా, ఉప్పు పట్టించినా, ఒకసారి వండి ఫ్రిజ్‌లో పెట్టినా ఈ చెడు ఇంకా తొందరగా జరుగుతుంది. కణాల పొరలు చిరిగి కొవ్వు బయటపడుతుంది, మాంసపు ఎరుపులో ఉన్న ఇనుము విడివడి దానికి తోడవుతుంది. నిన్నటి చికెన్ కూరను ఇవాళ వేడిచేసినప్పుడు వచ్చే తేడా వాసనకు కారణం చాలావరకు ఇదే. ఫ్రిజ్ చలి దీన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. ప్యాటీలు, నగ్గెట్ల వంటి ఉత్పత్తుల్లో బీహెచ్‌ఏ, బీహెచ్‌టీ అనే కృత్రిమ రసాయనాలకు చోటు దొరికింది ఇందుకే. ఆ చోటు పండ్ల సారాలకు, ముఖ్యంగా మనం పారేసే దానిమ్మ తొక్కకు ఇవ్వాలన్నది నా వాదన. అయితే ఆ చోటు ఎంతవరకో కూడా ఇప్పుడే గట్టిగా చెప్పుకోవాలి.

ఈ వాదనకు ఆధారం మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2008లో ఒక పోలిక ప్రచురించారు. వండిన చికెన్ ప్యాటీల్లో కొన్నింటికి దానిమ్మ రసం, కొన్నింటికి తొక్కపొడి సారం, కొన్నింటికి బీహెచ్‌టీ కలిపి, 15 రోజులు చలిలో ఉంచి చూశారు. కొవ్వు చెడినప్పుడు పుట్టే మాలొనాల్డిహైడ్‌ను కొలిస్తే, ఏమీ కలపని ప్యాటీల్లో కిలోకు 1.272 మిల్లీగ్రాములు తేలింది. బీహెచ్‌టీ కలిపినవాటిలో అది 0.896, రసం కలిపినవాటిలో 0.763. తొక్క సారం కలిపినవాటిలో 0.203 మాత్రమే. మనం తినే గింజల రసం కన్నా, చెత్తబుట్టలో వేసే తొక్కే చాలా బాగా పనిచేసింది. తొక్కకు ఆ వగరునిచ్చే ఫినాలిక్ పదార్థాలే ఇందుకు కారణం. కొవ్వును ఒకదాని వెంట ఒకటిగా చెడగొట్టుకుంటూ పోయే అణువులకు అవి అడ్డుపడి ఆ గొలుసును తెంచుతాయి. పండు బరువులో మూడో వంతుకు పైగా తొక్కే ఉంటుంది. అనంతపురం వంటి దానిమ్మ జిల్లాలో రసం తీసే చోట మిగిలేదంతా చెత్త కింద లెక్క కావడం నిజమైన నష్టం.

కానీ అదే తొక్క గురించి ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2010లో చెప్పింది కూడా వినాలి. చలిలో ఉంచిన చికెన్ ఉత్పత్తుల నిల్వకాలం ఈ సారంతో 2 నుంచి 3 వారాలు పెరిగిందన్నారు. స్టెఫిలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సీరియస్ క్రిములను 0.01 శాతం మోతాదే అడ్డుకుంది. మాంసాన్ని జిగటగా మార్చే సూడోమోనాస్‌కు 0.1 శాతం కావలసి వచ్చింది. ఈ-కోలై, సాల్మొనెల్లాల మీద మాత్రం ఈ సారం పనిచేయలేదు. కోడిమాంసంలో మనం ఎక్కువగా భయపడవలసిన క్రిముల్లో సాల్మొనెల్లా ఒకటి. నన్ను అన్నిటికన్నా ఆపి ఆలోచింపజేసిన ఫలితం ఇదే.

ఇక్కడే అసలు అభ్యంతరం పుడుతుంది. మాంసం కొనేవాడి మొదటి పరీక్ష ముక్కుతోనే. పాత వాసనను అణచే పదార్థం కలిపితే, పాత సరుకును కొత్తదిగా అమ్మే వీలు దొరకదా? దొరుకుతుంది. అయితే బీహెచ్‌టీ కలిపినా అదే ప్రమాదం ఉంది. పైగా సాల్మొనెల్లా ఉన్న మాంసం చాలాసార్లు ఏ వాసనా లేకుండానే ఉంటుంది కాబట్టి, ముక్కు ఎన్నడూ పూర్తి కాపలా కాదు. దీనికి జవాబు సారాన్ని దూరం పెట్టడం కాదు. కోసిన తేదీ, ప్యాక్ చేసిన తేదీ, కలిపిన సారం పేరు ప్యాకెట్ మీద తెలుగులో అచ్చువేయాలి. సారం కలిపిన మాంసాన్ని ‘తాజా’ అని అమ్మనివ్వకూడదు. ఇంకో అభ్యంతరం పురుగుమందులది, అదీ న్యాయమైనదే. దానిమ్మ తోటల్లో మందులు కొట్టేది కాయ మీదే, అవి నిలిచేది తొక్క మీదే. అవశేషాల పరీక్ష లేకుండా తీసిన సారానికి ‘సహజం’ అన్న ముద్ర వేయడం అబద్ధం. నిమ్మరసం పిండితే సరిపోదా అనేవారికి ఒక్క మాట: నిమ్మ పనిచేసేది ప్రధానంగా పులుపుతో, తొక్క సారం పనిచేసేది వేరే దారిలో. ఒకటి చేసే పని రెండోది చేయదు. ఇక వగరు భయం పెద్దది కాదు. చెంగిచెర్ల ప్యాటీల రుచిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

కాబట్టి ప్రాసెసింగ్ యూనిట్లు కృత్రిమ రసాయనాల బదులు పరీక్షించిన తొక్క సారానికి మారాలి, ప్రభుత్వాలు ఆ మార్పుకు చేయూతనివ్వాలి. దుకాణాల్లో గాజు అద్దాల వెనక పేర్చిన చికెన్ వేడి ఎంతో మాత్రం ఇప్పుడే తనిఖీ చేయాలి, సారం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ పండు సారం కలిపినా పచ్చి కోడిమాంసాన్ని 4 డిగ్రీలు దాటనివ్వకండి. వండేటప్పుడు ముక్క లోపల 74 డిగ్రీలు చేరేదాకా ఉడికించండి.