ఆగుట యవమానమా?

2019 జూలై 15వ తేదీని శ్రీహరికోటలో చంద్రయాన్-2 ప్రయోగము, 56 నిమిషముల 24 సెకండ్లు మాత్రమే మిగిలియుండగా, సాంకేతిక లోపము కనబడి నిలిపివేయబడెను. పెదవి విఱిచినవారు లేకపోలేదు. వారము దినములకే, 22వ తేదీని, రాకెట్టు నింగి కెగసెను. ఆ యాగుటయే మన శాస్త్రజ్ఞులకు ఘనత యని మా యభిప్రాయము.

ఉపగ్రహభాగములను విడివిడిగా బరీక్షించిన చాలదు. అన్నిటిని గూర్చిన పిమ్మట కంపనవేదికపై నూపి, గాలిలేని గదిలో తీవ్రమైన వేడిమికిని చలికిని గుఱిచేసి మరల జూతురు. కొల్లేటిలో తాటిదోనె దింపువాడు సయితము ముందు చిల్లులు చూచుకొనును గదా! దోనెలో నీరు చేరిన తోడిపోయవచ్చును; నింగిలో నా వీలెక్కడిది?

1979 ఆగస్టు 10వ తేదీని యస్.యల్.వి.-3 విషయమున కంప్యూటరు ఆగుమనెను; మనుష్యులు సాగుమనిరి. రాకెట్టు బంగాళాఖాతము పాలయ్యెను. ఈ సంగతి నాటి ప్రయోగనాయకులగు అబ్దుల్ కలాముగారే పలుమారులు బహిరంగముగా జెప్పుకొనిరి. లోపమును సరిదిద్దుకొని 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో నిలిపిరి.

ఇక గగనయానమున నెక్కవలసినవి పరికరములు కావు, మన బిడ్డల ప్రాణములు. ముందుగా తేదీ చాటి తొందరపెట్టు పాలకులారా, ఆలస్యమును వెక్కిరించు పత్రికలారా, పరీక్షలకు గడువు విధింప మీరెవ్వరు?