కల్కి 2898లో మన వాడ ఎక్కడ?

'కల్కి 2898 ఏడీ' మీద అభిప్రాయాలు మొదటి రోజు నుంచే రెండుగా చీలాయి. 2024 జూన్ 27న విడుదలైన ఈ సినిమాకు సుమారు 600 కోట్ల రూపాయలు ఖర్చయిందని వార్తలొచ్చాయి. వసూళ్లు వెయ్యి కోట్లు దాటాయని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ ప్రకటించింది. తెలుగులో ఇంత పెద్ద సైన్స్ ఫిక్షన్ ప్రయత్నం ఇంతకుముందు జరగలేదని, చివరి భాగం కోసమైనా చూడాలని కొందరన్నారు. మొదటి సగం సాగదీశారని, భైరవ కామెడీ అతకలేదని, హాలీవుడ్ సినిమాల ముక్కలు కలిపి కుట్టినట్టుందని ఇంకొందరన్నారు. పురాణాన్ని ఇలా వాడొచ్చా అని కొందరు కోప్పడితే, పురాణం వచ్చినప్పుడే సినిమా లేచి కూర్చుందని మరికొందరు మెచ్చుకున్నారు.

ఈ మాటలన్నీ సినిమా బాగుందా లేదా అన్న దగ్గరే తిరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాడల నుంచి చూస్తే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 874 ఏళ్ల తర్వాతి లోకాన్ని ఊహించిన ఈ సినిమాలో కులం ఏమైంది? పోయిందా, పేరు మార్చుకుందా?

టికెట్ దగ్గరే మొదలు

ముందుగా, అభిప్రాయం చెప్పే అవకాశం ఎవరికి దక్కిందో చూద్దాం. ఈ సినిమా కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సింగిల్ స్క్రీన్‌లలో 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు అదనంగా పెంచుకోవడానికి రెండు వారాలు అనుమతినిచ్చింది. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలీ 300 రూపాయలు. నలుగురున్న కూలీ కుటుంబం సింగిల్ స్క్రీన్‌కు వెళితే పెంచిన భారమే సరిగ్గా ఒక రోజు కూలీ. అసలు టికెట్ ధర, బస్సు చార్జీ వేరే. సినిమా హిట్టో ఫట్టో తేలిపోయేది ఆ రెండు వారాల్లోనే. కాబట్టి 'ప్రేక్షకుల తీర్పు' అని మనం చదివినదానిలో మట్టి పనికి వెళ్లేవాళ్ల గొంతు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

సినిమా చూపించిన నిజం

దర్శకుడు నాగ్ అశ్విన్ కట్టిన లోకంలో ఒక బలమైన ఊహ ఉంది. భూమ్మీద మిగిలిన చివరి నగరం కాశీ. గంగ ఎండిపోయింది. తాగడానికి నీళ్లు, పీల్చడానికి మంచి గాలి లేవు. పైన తలకిందులు చేసిన పిరమిడ్ లాంటి 'కాంప్లెక్స్'. నీళ్లు, చెట్లు, తిండి అన్నీ అక్కడే. లోపలికి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. కింద ఉన్నవాళ్లు పైకి చూస్తూ బతకాలి.

ఇది మనకు కొత్త కాదు. మన దగ్గర కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో మూటలతో బస్సెక్కి హైదరాబాద్, చెన్నై వెళ్లి అపార్ట్‌మెంట్లు కట్టేది మనవాళ్లే. కట్టాక ఆ గేటు లోపలికి రానిచ్చేది పనిమనిషిగానో వాచ్‌మన్‌గానో. నీళ్ల కథ కూడా తెలిసిందే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి మనుషులు చనిపోతూ ఉంటే, హిరమండలం రిజర్వాయర్ నుంచి శుద్ధి చేసిన తాగునీరు ఇచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమైంది 2023 డిసెంబర్‌లో. నీళ్ల కోసం ఎదురుచూసే కాశీ మనకు 2898 దాకా ఆగాల్సిన ఊహ కాదు. ఈ మేరకు సినిమాను మెచ్చుకున్నవాళ్లతో నాకు పేచీ లేదు.

విపత్తు అందరినీ సమానం చేస్తుందా?

పేచీ ఇక్కడ మొదలవుతుంది. కాశీలో అందరూ ఒకేలా పేదవాళ్లు, ఒకేలా బాధితులు. ఎవరు ఏ వీధిలో ఉంటారు, ఎవరి ముట్టిన నీళ్లు ఎవరు తాగరు, శవాలు ఎవరు మోస్తారు, మురుగు ఎవరు ఎత్తుతారు అన్న ప్రశ్నలే రావు. లోకం కూలిపోతే కులం కూడా దానితోపాటు కూలిపోతుందని సినిమా అనుకుంటోంది. శవాలు కాల్చే పనికి ఒక కులాన్నే కట్టేసిన కాశీని ఎంచుకుని మరీ అలా అనుకుంటోంది.

మన ప్రాంతానికి దీనికి జవాబు తెలుసు. మడ్డువలస రిజర్వాయర్ కోసం ఊళ్లు లేచిపోయాయి. వంగర మండలం లక్ష్మీపేట అలా నిర్వాసితులు తిరిగి కట్టుకున్న ఊరు. దళితులూ తూర్పు కాపులూ అక్కడ ఉన్నారు. సొంత ఊరు నీళ్లపాలైన బాధ ఇద్దరిదీ. అయినా ప్రాజెక్టు కోసం సేకరించి మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం సహించలేకపోయారు. 2012 జూన్ 12న జరిగిన దాడిలో ఐదుగురు దళితులను చంపేశారు. ఊరు పోయింది, కులం పోలేదు. కొత్త ఊళ్లో మొదటి రోజు నుంచే అది తన వీధి తాను వేసుకుంది. లక్ష్మీపేటను చూసినవాళ్లెవరూ విపత్తు కులాన్ని తుడిచేస్తుందని నమ్మరు.

మళ్లీ పుట్టుకే

కులం పేరు మాయమైనా దాని మూలసూత్రం మాత్రం సినిమాలో భద్రంగా ఉంది. ఆ సూత్రం పుట్టుక. కాంప్లెక్స్ కింద నలిగిన జనం సంఘం పెట్టుకుని తమను తాము విడిపించుకోరు. శంబలలో ఉన్న తిరుగుబాటుదారులు కూడా ఒక తల్లి కోసం, ఆమె గర్భంలోని దేవుడి కోసం ఎదురుచూస్తారు. వాళ్లను కాపాడటానికి వచ్చేది ద్వాపరయుగం నుంచి బతికే ఉన్న అశ్వత్థామ. సుమతి పాత్రకు ఆమె సొంత తెలివి కన్నా ఆమె మోస్తున్న బిడ్డే గౌరవం తెస్తుంది.

అందరూ ఈలలు వేసిన చోటు కర్ణుడి దగ్గర. డబ్బు కోసం ఎవరినైనా పట్టిచ్చే భైరవ చివర్లో కర్ణుడని తెలుస్తుంది. మన కుర్రాళ్లలో చాలామందికి కర్ణుడంటే ఎందుకంత ఇష్టమో అర్థం చేసుకోవచ్చు. విలువిద్య ప్రదర్శనలో ప్రతిభ చూపించినవాడిని నీ కులమేంటని అడిగారు. ఇంటర్వ్యూ గదిలో ఇంటిపేరు, ఊరిపేరు అడిగించుకున్న ప్రతి విద్యార్థికీ ఆ ఘట్టం తనదే అనిపిస్తుంది. కానీ కర్ణుడి కథలోని మెలిక చూడండి. సూతుడైనా గొప్పవాడు అని కథ చెప్పదు. అసలు సూతుడే కాదు, కుంతి కొడుకు, సూర్యుడి అంశ, అందుకే గొప్పవాడు అంటుంది. భైరవ విషయంలోనూ అంతే. అతడిలోని శక్తికి కారణం అతడు నేర్చుకున్నది కాదు, వెనుకటి జన్మ. మనిషి విలువ పుట్టుకతో రాదని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ వాదిస్తే, 2898కి వెళ్లినా మనం అక్కడికి చేరలేదు.

సినిమాయే కదా అంటే

వినోదంలో కులం వెతకడమేంటని అడిగేవాళ్లు ఉంటారు. తెలుగులో కాలయంత్రం సినిమా అనగానే గుర్తొచ్చే 'ఆదిత్య 369' 1991 జులైలో విడుదలైంది. తెరమీద మనుషులు 2504వ సంవత్సరానికి వెళ్లొచ్చారు. అదే జులైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఆధిపత్య కులపు కుర్రాడికి తగిలిందన్న దగ్గర గొడవ రాజుకుంది. అది సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యలతో తేలింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. సినిమా హాలు మనకు ఎప్పుడూ వినోదం ఒక్కటే కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, కాలు ఎంతవరకు చాపాలి అన్నవి కూడా అక్కడ తేలే విషయాలే.

మన ఊహలు మనం రాయాలి

కులాన్ని తాకే ఊహ తెలుగులో అసాధ్యమేమీ కాదు. విజయనగరంలో బతికిన గురజాడ వందేళ్ల కిందటే 'లవణరాజు కల' రాశారు. రాజును కలలో వాడకు పంపి, అక్కడి అమ్మాయిని ప్రేమించేలా చేసి, మేలుకున్నాక కులం అర్థమేంటో ఆలోచింపజేశారు. అందుకు వందల కోట్లు అక్కర్లేకపోయింది. అమెరికాలో నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పారబుల్ ఆఫ్ ది సోవర్' నవల 2024 జులైలో మొదలవుతుంది. అంటే కల్కి థియేటర్లలో ఆడుతున్న నెల. అందులోనూ లోకం కూలిపోతుంది, నీళ్లు కొనుక్కోవాలి, గోడల వెనక బతకాలి. అయితే జాతి వివక్ష మాయం కాదు. అవతారమూ రాదు. ఒక నల్ల అమ్మాయి రోడ్డు మీద కలిసిన మనుషులను ఒక్కొక్కరినీ కలుపుకుంటూ కొత్త సమాజం కడుతుంది.

ఇంత డబ్బు, ఇంత సాంకేతికత, ఇంతమంది నటులు ఉండి కల్కి చేయలేని పని అదే. రెండో భాగం వస్తే మళ్లీ గ్రాఫిక్స్ బాగున్నాయా, కథ నడిచిందా అన్న చర్చే నడుస్తుంది. మనం అక్కడ ఆగొద్దు. అంబేద్కర్ గురుకులాల్లో, ఎచ్చెర్ల యూనివర్సిటీలో, హాస్టళ్లలో చదువుకుంటున్న వాళ్లు ఒక పని పెట్టుకోవచ్చు. 2898లో లక్ష్మీపేట ఎలా ఉంటుంది? ఆ భూమి ఎవరి పేరు మీద ఉంటుంది? చెరువు దగ్గర ముందు నీళ్లు ముంచుకునేది ఎవరు? ఒక కథో, నాటకమో, ఫోన్‌తో తీసిన పది నిమిషాల సినిమానో చాలు. భవిష్యత్తును వాళ్లు మాత్రమే ఊహిస్తే అందులో మన వాడ ఉండదు, లేదంటే ఇప్పుడున్న చోటే ఉంటుంది.