మెషిన్ తీశాక ఇంటికెళ్లింది ఎందరు?

ఎక్మో అన్న మాట చాలా తెలుగు ఇళ్లలోకి 2020లో వచ్చింది, చెన్నైలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చికిత్స పొందిన రోజుల్లో. అది కోవిడ్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తుల కోసం. ఆపరేషన్ బల్ల మీద పుట్టే అవసరం వేరు. బైపాసో, వాల్వు మార్పిడో పూర్తవుతుంది; హార్ట్‌లంగ్ మెషిన్ ఆపబోతే గుండె అందుకోదు. మందులు, బెలూన్ పంపు చాలనప్పుడు తొడ రక్తనాళాల్లోకో, తెరిచిన ఛాతీలోకో పెన్ను లావు గొట్టాలు వేసి రక్తాన్ని ఆక్సిజన్ ఎక్కించే బయటి పంపుకు మళ్లిస్తారు. ఇదీ ఎక్మోయే. కొన్ని రోజులకు ‘మెషిన్ తీసేశాం’ అన్న కబురొస్తే గండం గడిచిందనుకుంటారు బయట కూర్చున్నవాళ్లు. ఆ నమ్మకాన్నే లెక్కల ముందు పెట్టి చూడాలి.

జర్మనీలోని లైప్‌జిగ్ డాక్టర్లు 1996 నుంచి 2008 దాకా ఇలా ఎక్మో మీదికి వెళ్లిన 517 మంది వివరాలను 2010లో ప్రచురించారు. మెషిన్ నుంచి బయటపడినవారు 63.3 శాతం. ప్రాణాలతో డిశ్చార్జ్ అయినవారు 24.8 శాతమే. అంటే మెషిన్ తీసిన ప్రతి ఐదుగురిలో ముగ్గురు ఆ తర్వాత ఆస్పత్రిలోనే పోయారు. ఏడాదికి 16.5 శాతం, ఐదేళ్లకు 13.7 శాతం మిగిలారు. తొలి ఏడాది గట్టెక్కినవాళ్లు చాలావరకు నిలదొక్కుకున్నారన్నమాట. ఇవి పాత లెక్కలే, పరికరాలు మెరుగయ్యాయి. కానీ తప్పంతా పరికరానిది కాదు. తొడ ధమనిలోంచి పంపు నెట్టే రక్తం గుండెకు ఎదురు వస్తుంది. అలసిన ఎడమ జఠరిక ఆ ఒత్తిడికి తాళలేక ఉబ్బితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. ఇస్తే కుట్లు వేసి గంటలైనా కాని ఛాతీ నుంచి రక్తం కారుతుంది. గొట్టం వేసిన కాలికి రక్తం అందకపోవచ్చు, కిడ్నీలు మొరాయించవచ్చు. గుండె తేరుకునేసరికి మిగతా ఒళ్లు చెడి ఉంటుంది. లైప్‌జిగ్‌లోనూ 70 దాటినవాళ్లు, షుగరున్నవాళ్లు, రక్తంలో లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలడం లేదనే సూచన) బాగా పెరిగినవాళ్లే ఎక్కువగా దక్కలేదు.

ఎలాగూ పోయేవాళ్లలో నలుగురికొకరు బతికితే చాలదా అంటారు. చాలు. ఎక్మో వద్దని కాదు నేననేది. ఆస్పత్రులు మెషిన్ తీసినవాళ్లను కాక ఇంటికెళ్లినవాళ్లను, ఏడాదికి మిగిలినవాళ్లను లెక్కగట్టి బయటపెట్టాలని. అలా చేస్తే సర్జన్లు కష్టమైన కేసులు ముట్టరన్నది గట్టి అభ్యంతరమే. న్యూయార్క్ రాష్ట్రం మూడు దశాబ్దాలకు పైగా బైపాస్ మరణాల లెక్కలు వెల్లడిస్తోంది, అక్కడా ఈ విమర్శ వచ్చింది. అయితే వాళ్లు రోగి వయసు, జబ్బుల తీవ్రతను బట్టి అంకెలను సరిచేసే ఇస్తారు. మనమూ అలాగే చేయొచ్చు, పైగా సర్జన్ పేరు లేకుండా ఆస్పత్రి మొత్తానికి కలిపి ఇవ్వొచ్చు.

బల్ల మీద గుండె ఆగిపోతుంటే ఇంటివాళ్లను పిలిచి శాతాలు చెప్పే తీరిక ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. నిజమే. కానీ ఎవరి గుండె బలహీనమో ఆపరేషన్‌కు ముందే ఎకోలో తెలుస్తుంది. అలాంటివాళ్ల విషయంలో సంతకం తీసుకునే పూటే చెప్పాలి: మెషిన్ అవసరం పడొచ్చు, ఇన్ని రోజులు చూస్తాం, లాక్టేట్ దిగకపోయినా, మెదడులో రక్తస్రావం కనిపించినా మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం అని. ఇదే మాట ఐదో రోజు బిల్లు పెరిగాక మొదటిసారి వింటే, డాక్టరు చేతులెత్తేశాడనే అనుకుంటారు.