పడని వికెట్‌పై తీర్పు

క్రికెట్‌లో బ్యాటర్ ఔటయ్యే పద్ధతుల్లో ఎల్బీడబ్ల్యూది ప్రత్యేకమైన తీరు. బౌల్డ్ అయితే వికెట్ పడుతుంది, క్యాచ్ అయితే బంతి చేతికి చిక్కుతుంది, రనౌట్ అయితే బ్యాటు గీత దాటిందో లేదో కళ్లముందే ఉంటుంది. ఎల్బీడబ్ల్యూలో మాత్రం జరగనిదాన్ని ఊహించి తీర్పు చెప్పాలి. కాలు అడ్డు రాకపోతే బంతి ఎక్కడికి పోయేది? 1774 నాటి నిబంధనల్లోనే చేరిన ఈ ప్రశ్నకు రెండు శతాబ్దాలకు పైగా అంపైర్ అంచనాయే జవాబు. ఇప్పుడు దాని పక్కన యంత్రం అంచనా వచ్చి చేరింది. రెండూ అంచనాలేనన్న సంగతిని టీవీ తెర మరిపిస్తోంది. యంత్రం తేల్చలేని చోట అంపైర్ తీర్పునే నిలిపే ‘అంపైర్స్ కాల్’ నియమం మీద ప్రతి సిరీస్‌లోనూ రేగే ఆగ్రహం ఈ మరుపులోంచే పుడుతోంది.

మైదానంలో అంపైర్ ముందున్న పని ఎంత కష్టమో కొలతలే చెబుతాయి. రెండు వికెట్ల మధ్య దూరం 20.12 మీటర్లు. మూడు స్టంప్‌ల మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు, ఎత్తు 71.1 సెంటీమీటర్లు. పేస్ బౌలర్ వేసిన బంతి అర సెకను అటూ ఇటుగా బ్యాటర్‌ను చేరుతుంది. ఆ కాస్త సమయంలో బంతి లెగ్ స్టంప్ బయట పడిందా, బ్యాటుకు తగిలిందా, ప్యాడ్‌ను ఏ వరుసలో తాకింది, ఎంత ఎత్తులో తాకింది అన్నవన్నీ గమనించి, ఆపైన అది వికెట్లను తాకేదో లేదో నిర్ణయించాలి. రీప్లే ఉండదు, రెండో చూపుకు అవకాశం ఉండదు.

బంతి జాడ పట్టే ‘హాక్ ఐ’ని బ్రిటన్ ఇంజినీరు పాల్ హాకిన్స్ రూపొందించారు. 2001లో ఇంగ్లండ్, పాకిస్థాన్ మధ్య లార్డ్స్‌లో జరిగిన టెస్టులో చానల్ 4 దాన్ని తొలిసారి తెరకెక్కించింది. అప్పుడది తీర్పులకు ఉద్దేశించినది కాదు. ప్రేక్షకులకు ఆట అర్థమయ్యేలా చెప్పేందుకు తెచ్చిన ప్రసార సాధనం. మైదానం చుట్టూ ఎత్తుగా అమర్చిన కెమెరాలు బంతిని వేర్వేరు కోణాల నుంచి చిత్రీకరిస్తాయి. ఒకే క్షణంలో తీసిన చిత్రాలను పోల్చి ఆ క్షణాన బంతి ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. అలా వచ్చిన బిందువులను కలిపితే బంతి నడిచిన దారి దొరుకుతుంది.

ప్యాడ్‌ను తాకేవరకు ఉన్న దారి కెమెరాలు చూసింది. అక్కడి నుంచి స్టంప్‌ల దాకా ఉన్నది, వేగాన్నీ బౌన్స్‌నూ తిరిగిన కోణాన్నీ బట్టి కంప్యూటర్ పొడిగించింది. బంతి పిచ్‌పై పడ్డాక మీటరున్నర ప్రయాణించి ప్యాడ్‌కు తగిలితే లెక్కకు సరిపడా చిత్రాలు ఉంటాయి. పడీ పడగానే తగిలితే తిరిగిన కోణం తెలిసేందుకు ఆధారం తక్కువ. బ్యాటర్ ముందుకొచ్చి ఆడినప్పుడు ప్యాడ్‌కూ స్టంప్‌లకూ మధ్య దూరం పెరుగుతుంది, చిన్న పొరపాటు కూడా అంత దూరం సాగి పెద్దదవుతుంది. తెరపై ఈ తేడా కనిపించదు. చూసిన దారీ, ఊహించిన దారీ ఒకే నున్నని గీతగా సాగి, చివర బంతి స్టంప్‌ను తాకినట్టు బొమ్మ వస్తుంది. ఆ స్టంప్‌ను ఏ బంతీ తాకలేదు.

టెన్నిస్‌లోనూ ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి చిక్కు లేదు. బంతి గీత దాటిందా అన్నది జరిగిపోయిన విషయం, యంత్రం దాన్ని కొలుస్తుంది. కాబట్టి అక్కడ యంత్రం మాటే తుది తీర్పు కావడంలో అర్థముంది. ‘టెన్నిస్‌లో చెల్లిన యంత్రం క్రికెట్‌లో ఎందుకు చెల్లదు’ అనే వాదన ఈ తేడాను గుర్తించదు.

తీర్పులను సమీక్షించే డీఆర్‌ఎస్‌ను 2008లో భారత్, శ్రీలంక టెస్టు సిరీస్‌లో మొదట ప్రయోగించారు. అందులో భారత్ కోరిన రివ్యూలు చాలావరకు వమ్మయ్యాయి. ఆ తర్వాత బీసీసీఐ ఏళ్ల తరబడి ఈ పద్ధతిని, ముఖ్యంగా బంతి జాడ లెక్కను, నమ్మడానికి ఒప్పుకోలేదు. 2011 ప్రపంచకప్‌లో బెంగళూరులో ఇంగ్లండ్‌తో మ్యాచ్ ఆ అనుమానాలకు ఆజ్యం పోసింది. యువరాజ్ సింగ్ బంతి ఇయాన్ బెల్ ప్యాడ్‌కు తగిలింది. వికెట్లను తాకుతుందని యంత్రం చూపినా, స్టంప్‌లకు రెండున్నర మీటర్లకు మించిన దూరంలో తగిలిందన్న నిబంధన వల్ల నాటౌట్ తీర్పు నిలిచింది. మ్యాచ్ 338 పరుగుల వద్ద టై అయింది. కెప్టెన్ ధోనీ అసంతృప్తిని దాచుకోలేదు. నిజానికి ఆ నిబంధన చెప్పింది ఒక్కటే: అంత దూరం నుంచి వేసిన లెక్కను గుడ్డిగా నమ్మకూడదని. పరికరాలు మెరుగయ్యాక 2016 నవంబరులో ఇంగ్లండ్‌తో సిరీస్‌కు భారత్ డీఆర్‌ఎస్‌ను అంగీకరించింది. 2018లో ఐపీఎల్‌కూ వచ్చాక ‘అంపైర్స్ కాల్’ తెలుగు ఇళ్లలోనూ టీ కొట్ల దగ్గరా నిత్యం వినిపించే మాటయింది.

ఆ మాట వెనకున్న లెక్క సూటిగానే ఉంటుంది. యంత్రం అంచనాలో బంతి సగానికి పైగా వికెట్ల పరిధిని తాకితే ఔట్. అసలు తాకకపోతే నాటౌట్. తాకినా సగానికన్నా తక్కువే అయితే మైదానంలో అంపైర్ ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. క్రికెట్ బంతి వ్యాసం దాదాపు ఏడు సెంటీమీటర్లు గనక, వివాదమంతా మూడున్నర సెంటీమీటర్ల అంచు గురించే. ఆ అంచు కూడా స్థిరంగా లేదు. 2016లో పరిధిని ఆఫ్, లెగ్ స్టంప్‌ల మధ్యగీత నుంచి వాటి బయటి అంచుదాకా జరిపారు. 2021లో ఎత్తును బెయిల్స్ పైఅంచు వరకు పెంచారు. పరికరాలపై నమ్మకం పెరిగినకొద్దీ బౌలర్‌కు దక్కే చోటు పెరుగుతూ వచ్చింది. అలా జరగాల్సిందే.

బంతి తాకితే చాలు, ఎంత మేర తాకిందన్నది అనవసరమని సచిన్ టెండూల్కర్ 2020లో, విరాట్ కోహ్లీ 2021లో వాదించారు. ఒకే బంతికి ఒక అంపైర్ ఔటిస్తే ఔట్, మరొకరు ఇవ్వకపోతే నాటౌట్ కావడం న్యాయమా అన్నది సామాన్య ప్రేక్షకుడి ప్రశ్న కూడా. అది తోసిపారేయదగ్గ ప్రశ్న కాదు. అయితే అంచును ఎక్కడ పెట్టినా, సరిగ్గా ఆ అంచు మీద పడే బంతులు ఉండనే ఉంటాయి. ‘తాకితే ఔట్’ అన్నా, వెంట్రుకవాసి తాకిందో తప్పిందో తేల్చే శక్తి లెక్కకు లేదు. అప్పుడు తీర్పు యంత్రం పొరపాటుకే వదిలేసినట్టవుతుంది. లెక్క తేల్చలేని చోట, బంతిని స్వయంగా చూసిన మనిషి మాటకు విలువ ఇవ్వడమే సబబు. అనిల్ కుంబ్లే సారథ్యంలోని ఐసీసీ క్రికెట్ కమిటీ 2021లో ఈ నియమాన్ని కొనసాగించింది కూడా, స్పష్టమైన తప్పులను సరిదిద్దడమే డీఆర్‌ఎస్ లక్ష్యమన్న ఆలోచనతోనే. అంపైర్స్ కాల్ వస్తే జట్టు రివ్యూను కోల్పోనక్కర్లేదని 2017లో చేసిన మార్పు, అడిగినవారి అనుమానమూ సహేతుకమేనని ఒప్పుకోవడమే.

బొమ్మను మితిమీరి నమ్మితే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ టెస్టు చూపింది. బుమ్రా బంతికి జాక్ క్రాలీ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. రివ్యూలో అంపైర్స్ కాల్ వచ్చింది గానీ, తెరపై బొమ్మలో బంతి వికెట్లను తాకినట్టే లేదు. బొమ్మ తప్పు, లెక్క సరైనదేనని తమకు వివరణ వచ్చిందని ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ చెప్పాడు. అంపైర్స్ కాల్‌నే రద్దు చేయాలని కోరాడు. ఆ ఘటనలో సరిదిద్దాల్సింది బొమ్మ. బొమ్మ మీద రావాల్సిన కోపం నియమం మీద పడింది. ఇదే తెరను నమ్మి ప్రేక్షకులు అంపైర్లను అమ్ముడుపోయారని తిట్టడం అంతకన్నా బాధాకరం. మూడు సెంటీమీటర్ల తేడాను అర సెకనులో పోల్చుకోలేకపోవడం నేరం కాదు.

ఇందులో ప్రసార సంస్థలు చేయగలిగింది చాలా ఉంది. కెమెరాలు చూసిన దారిని ఒక రంగులో, ఊహించిన దారిని మరో రంగులో చూపవచ్చు. ఊహించిన భాగాన్ని సన్నని గీతగా కాక, స్టంప్‌ల వైపు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీగా గీయవచ్చు. బంతి పడ్డాక ప్యాడ్ దాకా ఎంత దూరం నడిచిందో, అక్కడి నుంచి స్టంప్‌లు ఎంత దూరమో రెండంకెలు తెరపై వేస్తే, ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో ప్రేక్షకుడే చూసుకుంటాడు.