ద్విరేఫానికి అభయం



తుమ్మెదకు ద్విరేఫమని ఒక పేరు. 'భ్రమర' శబ్దంలో రెండు రేఫలున్నవి గనుక ఆ పేరు వచ్చింది. తెలుగు పండితునిగా పనిచేసినన్నాళ్లూ ఈ ముచ్చట తరగతిలో చెబుతూనే వచ్చాను. షట్పదం, మధుకరం, చంచరీకం అంటూ పర్యాయపదాలు వల్లె వేయించాను. ఇన్ని పేర్లు నేర్పిన నేనే, ఆ తుమ్మెదకు జ్ఞాతియైన తేనెటీగ బడి నీళ్ల ట్యాంకు క్రింద పట్టు పెడితే, కాల్చివేయమని చెప్పాను.

ఆనాడు ప్రధానోపాధ్యాయులు సెలవులో ఉన్నందున బడి బాధ్యత నాపైన పడింది. ఆరవ తరగతి పిల్లవానిని ఈగలు కుట్టాయి. భయపడ్డాను. పదవ తరగతి పిల్లలు నలుగురు వచ్చి, "కాల్చవద్దు మాస్టారూ! అవి కొన్నాళ్లుండి వాటంతటవే పోతాయండీ. అందాకా ఎవరూ అటు పోకుండా మేము చూసుకుంటామండీ" అన్నారు. "పరీక్షలు చూసుకోండి, చాలు" అన్నాను. ఆ రాత్రి కాగడా పెట్టించాను. తెల్లవారి ట్యాంకు క్రింద కుప్పపడిన ఈగలను ఆ నలుగురే చీపురుతో ఎత్తిపోశారు. ఒక్కమాట కూడా అనలేదు.

వారు చెప్పినదే నిజమని తరువాత తెలుసుకున్నాను. ఎత్తయిన కట్టడాలకు, మహావృక్షాలకు ఒకే పెద్ద పట్టు పెట్టే ఈ పెనుతేనెటీగ ఋతువునుబట్టి వలస పోతుంది. రాళ్లు రువ్వి, పొగపెట్టి రేపితే మీదపడుతుంది. ఒకటి కుట్టిందంటే, ఆ వాసన పట్టి తక్కినవీ వస్తాయి.

మరుసటి యేడు అదే చోట మరొక పట్టు వెలిసింది. ఈసారి పిల్లలు అడుగకముందే నేను వారిని పిలిచాను. వారు చుట్టూ తాడు కట్టారు, నీళ్లు పట్టుకొనే చోటు మార్పించారు, చిన్నపిల్లలకు వంతులవారీగా కాపలా కాశారు. కొన్ని నెలలకు ఈగలు లేచిపోయాయి. ఎవరినీ కుట్టలేదు.

ఇది ఒక్క బడికి సంబంధించిన సంగతి కాదు. మదరాసు సముద్రతీరాన తాబేళ్ల గుడ్లను కాపాడే పనిని 1988లో విద్యార్థులే తలకెత్తుకున్నారు. గుడ్లు పెట్టే కాలంలో రాత్రివేళ ఇసుకలో మైళ్లకొద్దీ నడిచి, గూళ్లు వెదకి, గుడ్లను భద్రమైన చోటికి చేర్చి, పిల్లలు పొదిగాక కడలిలో విడుస్తారు. ఒక తరం చదువు ముగించి వెళితే మరొక తరం అందుకొంటూ వచ్చింది.

మనం పిల్లలచేత చేయించే సేవ తరచుగా ఇందుకు భిన్నంగా ఉంటుంది. ఒకనాడు మొక్క నాటిస్తాము, ఛాయాచిత్రం తీయిస్తాము. వేసవి సెలవులలో ఆ మొక్క ఎండిపోతుంది. పిచ్చుకలకు మూకుడులో నీళ్లు పెట్టిస్తాము. ఆ నీళ్లు మార్చేవారుండరు, దోమలు పెరుగుతాయి. లోపం పిల్లలలో లేదు. పని వారికిచ్చి, నిర్ణయం మన చేతిలో ఉంచుకోవడమే లోపం.

చదువు పాడవుతుందని తల్లిదండ్రులంటారు, ప్రమాదమని ఉపాధ్యాయులంటారు. రెండవ మాట కొట్టివేయదగినది కాదు. నిచ్చెన యెక్కే పని, పురుగుమందు ముట్టే పని పెద్దలే చేయాలి. కాని ఏది కాపాడాలి, ఎట్లా కాపాడాలి అన్న ఆలోచన పిల్లలకు విడిచిపెట్టవచ్చును. ఇక చదువంటారా, గుమ్మడిపాదున మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ పుప్పొడి మోయకపోతే పిందె నిలువదు. పాదు దగ్గర నిలబడి ఇది చూసిన పిల్లవానికి వృక్షశాస్త్రం వల్లె వేయించనక్కరలేదు.

మా ఇంట తులసి వెన్నులు విరిచివేయడం ఆచారం. పక్కింటి తొమ్మిదవ తరగతి అమ్మాయి మొన్న గోడ మీదుగా చూసి, "కొన్ని ఉంచండి తాతగారూ, ఈగలొస్తాయి" అన్నది. ఉంచాను. ఈ ఉదయం లెక్కపెడితే ఏడు వచ్చాయి.