ఆవిరి అంటే నమ్మేద్దామా?



"అది పొగ కాదు, ఉత్త ఆవిరి" అని ఈ-సిగరెట్ పట్టిన పిల్లలు అంటున్నారు. "బీడీ కంటే మేలే కదా" అని కొందరు పెద్దలూ తలూపుతున్నారు. ఈ రెండు మాటలూ మేము ఒప్పుకోము.

అన్నం కుండ మీద లేచేది ఆవిరి. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ ద్రవాన్ని తీగతో వేడెక్కిస్తే పుట్టే తుంపర. అందులో నికోటిన్, వాసన రసాయనాలు, తీగ నుంచి ఊడిన నికెల్, క్రోమియం కూడా ఉండొచ్చు. చాలా చుక్కలు ఒక మైక్రాను కంటే చిన్నవి. ముక్కూ గొంతూ వాటిని ఆపలేవు. లోపలి తేమకు ఉబ్బి కొన్ని గాలిగొట్టాలకు అంటుకుంటాయి, కొన్ని చివరి గాలి గదుల దాకా దిగుతాయి. దమ్ము బిగబట్టేకొద్దీ లోపల నిలిచేది ఎక్కువ. గాలిగొట్టాల్లో మురికిని పైకి తోసే నూగు ఉంది, గాలి గదుల్లో లేదు. ఇరవై ఏళ్ళు దాటేదాకా ఎదిగే ఊపిరితిత్తుల్లో జరుగుతున్న పని ఇది.

బీడీ కంటే మేలా? బీడీలు చుట్టే ఊళ్ళలో ఉంటూ ఈ మాట ఎలా అంటాం? బీడీ ముట్టని పిల్లవాడికి కొలత బీడీ కాదు, మంచి గాలి.

"తినే పదార్థాలే కలిపారు" అని ఇంకో వాదన. అమెరికాలో 2020 ఫిబ్రవరి నాటికి ఇలా పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు 2,807 మంది లెక్కకొచ్చారు, 68 మంది పోయారు. ఎక్కువమంది గంజాయి సారం కలిపిన ద్రవం వాడినవాళ్ళు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో దొరికింది విటమిన్ ఇ అసిటేట్. మింగితే హాని చేయనిది పీల్చితే ప్రాణం తీసింది.

తమిళనాడు 2018లోనే వీటిని నిషేధించింది. 2019లో దేశమంతటికీ చట్టం వచ్చింది. నికోటిన్ లేకపోయినా నిషేధమే. అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం గురిపెట్టింది వ్యాపారం మీద. మనం చెయ్యెత్తేది మాత్రం పిల్లవాడి మీద! పరువు పోతుందని విషయం ఇంట్లోనే దాచేస్తాం. ఆ మౌనంతో బాగుపడేది అమ్మేవాడొక్కడే.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పిల్లవాణ్ని కొట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్కడ కొన్నాడో నెమ్మదిగా అడగండి. ఆ అంగడి సంగతి పోలీసులకు చెప్పండి. ఒంటరిగా వెళ్ళడానికి జంకితే మమ్మల్ని పిలవండి, కలిసే వెళదాం.