సీజను మీది.. వలస మాది!

వానలు వెనక్కి తగ్గాయి. విశాఖ ముడసర్లోవ లోయలో గడ్డి కోతకొచ్చింది. వరిగడ్డి అనుకునేరు.. కాదు. ఇది పశువు మూతి పెట్టని గడ్డి. మిషన్లతో కోసి, దువ్వి, పైన సన్నటి ఇసుక చల్లి, పూటపూటా తడిపి తివాచీలా తయారుచేసే గడ్డి. గోల్ఫ్ సీజను మొదలవుతోంది.

సరిగ్గా ఇవే రోజుల్లో పాతపట్నం బస్టాండులో మరో సీజను మొదలవుతుంది. బియ్యం మూట, దుప్పటి, చంకలో పిల్ల. పలాసలోనో ఆమదాలవలసలోనో రైలెక్కితే తెల్లారేసరికి ఎక్కడో ఒక కాంక్రీటు పని. వరికోతల దాకా ఆగేవాళ్ళు కొందరు. సెంటు భూమి లేనివాళ్ళకు ఆగడానికి కారణమే లేదు.

ఒకే అక్టోబరు. ఒకే ఉత్తరాంధ్ర. రెండు సీజన్లు!

"గోల్ఫుతో మనకేటి పని బావూ?" అని అడిగేవాళ్ళుంటారు. పని ఉంది. ఆ ఆటస్థలానికి భూమి ఎలా వచ్చింది? నీళ్ళు ఎక్కడివి? లోపలికి పోయేదెవరు? గేటు దగ్గర ఆగిపోయేదెవరు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే రాష్ట్రం ఎవరిదో తెలిసిపోతుంది. అందుకే ఈ గోల్ఫు గొడవ.

క్లబ్బు నడవాలంటే..

విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో పుట్టింది. కాంగ్రెస్ పార్టీ కంటే ఏడాది పెద్దది. వాల్తేరు దొరల కాలపు ముచ్చట అది. దొరలు పోయారు, క్లబ్బు మిగిలింది. ఒక సంస్థను 140 ఏళ్ళు నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ పట్టుదలను తప్పు పట్టడం లేదు. నిజానికి మన సంఘాలు ఆ పట్టుదల నేర్చుకోవాలి.

పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానానికి వంద ఎకరాల పైమాటే కావాలి. సీజను ముందు చేయాల్సిన పని అంతా ఇంతా కాదు. వాన నీరు నిలిచిన చోట కాలవ తీయాలి. కొట్టుకుపోయిన ఇసుక గుంతలు మళ్ళీ నింపాలి. కలుపు ఏరాలి. బంతి దొర్లే పచ్చికను మిల్లీమీటర్ల లెక్కన కత్తిరించాలి. మోటార్లు సరిచూసుకోవాలి. ఎండలు ముదిరితే ఇలాంటి మైదానం రోజుకు లక్షల లీటర్లు తాగుతుంది మరి. పోటీల పట్టిక వేయాలి, చందాలు వసూలు చేయాలి, కమిటీ కూర్చోవాలి.

ఇందులో కమిటీ కూర్చోవడం ఒక్కటే కుర్చీలో చేసే పని. మిగతాదంతా నడుం వంచి చేసేదే. చందా కట్టినవాడికి ఓటు. కలుపు తీసినవాడికి కూలి. సంచి మోసే క్యాడీకి రోజు గిట్టుబాటైతే అయినట్టు, వాన పడితే పస్తు. ఆట ఎరిగినవాడు ఎవడయ్యా అంటే ఆ క్యాడీయే! 1991లో ఒకసారి, 1993లో మరోసారి ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా సంచులు మోసినవాడే. సంచి మోసినవాడి చేతికి కర్ర ఇస్తే ఏమవుతుందో దేశం చూసింది. అయినా గేటు దగ్గర రూలు మారలేదు.

29 లక్షల కథ

భూమి లేదు, నీళ్ళు లేవు, నిధులు లేవు అని మనకు పాఠం చెప్పే పాలకులకు గోల్ఫు అనేసరికి ఎంత చేయి తిరుగుతుందో హైదరాబాదు చూపించింది. 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దుబాయి కంపెనీ ఎమ్మార్‌తో ఒప్పందానికి దిగింది. ఏపీఐఐసీ ద్వారా మణికొండ దగ్గర 535 ఎకరాలు. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ మైదానానికి లీజు. విల్లాల టౌన్‌షిప్ భూమికి ఎకరం 29 లక్షలు. పక్కన భూముల ధరలు ఆకాశానికి నిచ్చెన వేసిన చోట ఆ రేటు! 2011లో హైకోర్టు ఆదేశిస్తే సీబీఐ కేసు పెట్టింది. పెద్ద అధికారులు సైతం అరెస్టయ్యారు.

ఇప్పుడొక చిన్న లెక్క. ఆ చవక రేటుకే కట్టినా 235 ఎకరాలకు 68 కోట్ల పైచిలుకు. 2014 విభజన తర్వాత వెనుకబడిన ఉత్తరాంధ్ర, రాయలసీమ జిల్లాలకు కేంద్రం ప్రకటించిన ప్రత్యేక సాయం ఎంతో తెలుసా? జిల్లాకు ఏడాదికి 50 కోట్లు! అంటే ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా మొత్తం సిక్కోలు జిల్లా ఏడాది వెనుకబాటుకు కట్టిన ధర, హైదరాబాదులో ఒక్క గోల్ఫ్ మైదానం భూమి ధర కంటే తక్కువ. అదైనా సక్రమంగా ఇచ్చారా? మొదట మూడేళ్ళు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో ఏడు జిల్లాలకు 350 కోట్లు ఖాతాలో వేసి, వేసిన చేత్తోనే వెనక్కి లాక్కున్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే!

ఆ హైదరాబాదు మేడలకు సిమెంటు మోసినవాళ్ళలో సిక్కోలు కూలీలు ఎంతమందో మన ఊళ్ళలో ఏ వీధిలో అడిగినా చెబుతారు. మేడ కట్టినవాడు 2014లో విభజన అయ్యేసరికి ఆ రాష్ట్రానికీ పరాయివాడయ్యాడు, ఈ రాష్ట్రంలోనూ పనిలేనివాడిగానే మిగిలాడు.

మా అక్టోబరు ఇలా ఉంటుంది

గోల్ఫు కేలండరులో అక్టోబరు అంటే చల్లగాలి. మా కేలండరులో అక్టోబరు అంటే తుఫాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ నాడు ఉద్దానంలో కొబ్బరి నేల కూలింది. ఇటు వంశధార, మహేంద్రతనయ రెండూ పొంగి పొలాలను ముంచాయి.

నీళ్ళు ముంచడానికి వస్తాయి, పండించడానికి రావు. మెళియాపుట్టి మండలం రేగులపాడు దగ్గర మహేంద్రతనయ ఆఫ్‌షోర్ రిజర్వాయరుకు 2008లో శంకుస్థాపన చేశారు. 2023 వచ్చినా పూర్తికాలేదు. ఆ ఏడాది పుట్టిన పిల్ల పదో తరగతికి వచ్చింది గానీ కాలవకు నీళ్ళు రాలేదు. వంశధార రెండో దశ పనులకు 2005లో కొబ్బరికాయ కొట్టారు. హిరమండలం, కొత్తూరు మండలాల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పునరావాసం కోసం నిర్వాసితులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కారు. నేరడి బ్యారేజీకి 2017లో ట్రిబ్యునల్ అనుమతి ఇచ్చింది. తీర్పు కాగితం మీద ఉంది, బ్యారేజీ గాలిలో ఉంది.

మన సరిహద్దు గీత కూడా మనల్ని అడిగి గీసింది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు. ఒక అంగడి, ఒక ఏరు, ఇరువైపులా చుట్టరికాలు. రాజుగారికి ఢిల్లీలో, లండన్‌లో మాట చెల్లింది. రైతుకు ఎక్కడా చెల్లలేదు. రాష్ట్రాలు దేవుడు చేసినవి కావు, మనుషులు గీసినవే అని మన ఊరివాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏరు దాటితే చాలు.

ఇనుమెత్తిన చేతులు

"ఆటలు మీకెందుకు, ముందు కూడు చూసుకోండి" అనే పెద్దమనుషులకు ఒక మాట. ఆట మాకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు దేశాన్ని ఊపేసిన మల్లుడు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది.

వీటిలో ఏ ఊరికైనా 235 ఎకరాలు ఇచ్చారా? బరువులెత్తడానికి ఒక షెడ్డు చాలు. ఒక కోచ్, నాలుగు గుడ్లు, ఒక ఇనుప కడ్డీ చాలు. అంత తక్కువలో అంత ఎక్కువ తెచ్చిన నేల ఇది. మరి శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరున్న స్టేడియం గతి? కొత్తది కడతామని పాతది కూల్చారు, పనులు ఏళ్ళ తరబడి సాగదీశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

మన గడ్డ మీద ఆటకు డబ్బు కరువొచ్చిందా అంటే అదీ కాదు. విజయనగరం రాచబిడ్డ విజ్జీ 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. ఆటతో కాదు, హోదాతో. జట్టులో గొప్పగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించిన పర్యటన అది. సత్తా ఉన్నవాడు ఇంటికి, హోదా ఉన్నవాడు మైదానంలోకి. ఆ ఏడాదే మన సరిహద్దూ గీశారు. 1936 నుంచి ఏం మారింది?

కుందేళ్ళను తరిమిన ఊరు

గోల్ఫంటే పుట్టుకతోనే దొరల ఆట అనుకుంటే పొరపాటు. ఆ ఆటకు పుట్టిల్లుగా చెప్పుకునే స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానం ఊరుమ్మడి బీడు. జనం నడిచేవారు, బట్టలు ఆరేసుకునేవారు, ఆడుకునేవారు. 1797లో అప్పులపాలైన పట్టణ కౌన్సిలు దాన్ని వదులుకుంది. అది కుందేళ్ళు పెంచే వ్యాపారుల చేతికి పోయింది. ఊరు ఊరుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా కోర్టుల్లో, మైదానంలో కొట్లాడింది. 1894లో పార్లమెంటు చట్టంతో మైదానం తిరిగి పట్టణం చేతికి వచ్చింది. 1974లో మరో చట్టంతో దాన్ని నడిపే ట్రస్టు ఏర్పడింది.

ఇప్పుడక్కడ ఏం జరుగుతుందో తెలుసా? ప్రపంచమంతా మొక్కే ఆ ఓల్డ్ కోర్సులో, ఏవో కొన్ని పెద్ద పోటీలప్పుడు తప్ప, ఆదివారం ఆట బంద్. ఆ రోజు అది ఊరి జనానిది. పిల్లలు పరిగెత్తుతారు, ముసలివాళ్ళు నడుస్తారు. ఊళ్ళో ఉండేవాళ్ళకు ఏడాది టికెట్టు తక్కువ ధరకే. అయినా గడ్డి ఎండిపోలేదు, క్లబ్బులు మూతపడలేదు, ఆట పరువు పోలేదు!

అంటే దోషం ఆటలో లేదు. భూమి ఎవరి పేరున ఉంది, చట్టం ఎవరి కోసం ఉంది అన్నదే అసలు సంగతి. ఆ ఊరు చట్టం తెచ్చుకునేదాకా నిద్రపోలేదు. స్కాట్లాండు 1999లో సొంత పార్లమెంటునూ తెచ్చుకుంది. మన బీడు గురించి చట్టం చేయడానికి మనకు సొంత సభ ఎందుకుండకూడదు?

రాష్ట్రం వస్తే గేటు తెరుచుకుంటుందా?

ఇక్కడ మన ఉద్యమంలోని పెద్దలకూ ఒక మాట చెప్పాలి. కళింగాంధ్ర రాష్ట్రం అనగానే కొందరి కళ్ళకు విశాఖ బీచి మాత్రమే కనిపిస్తోంది. 2019లో మూడు రాజధానులన్నారు, 2021లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఈలోగా రుషికొండను తవ్వి వందల కోట్ల భవంతులు లేపారు. పాతపట్నానికి అందులో ఒక్క ఇటుక పని కూడా దక్కలేదు. హైదరాబాదు పోయి విశాఖ వస్తే, గేటు మారుతుంది గానీ గేటు దగ్గర నిలబడేవాడు మారడు. అలాంటి రాష్ట్రం కోసమైతే మనం లాఠీ దెబ్బలు తినక్కర్లేదు.

అందుకే రాష్ట్రం అడిగేటప్పుడే షరతులు కూడా అడగాలి. ఈ సీజను నుంచే అడగాలి.

ఒకటి: ప్రభుత్వ భూమిలో నడిచే ప్రతి క్లబ్బు లీజు ఎంత, గడువు ఎంత, కట్టినదెంత అన్నది తెలుగులో గేటు మీద బోర్డు కట్టాలి.

రెండు: గోల్ఫ్ గడ్డికి మంచినీళ్ళు వద్దు. ఊరి మురుగునీటిని శుద్ధిచేసి వాడాలి. కిడ్నీ జబ్బుతో ఉద్దానం చస్తుంటే పచ్చికకు మంచినీళ్ళు పోయడం పాపం.

మూడు: క్యాడీలకు, మాలీలకు సీజనంతా గిట్టుబాటు కూలి, బీమా, కమిటీలో కుర్చీ, వాళ్ళ పిల్లలకు ఉచితంగా ఆట.

నాలుగు: వారానికొకరోజు గేటు తెరవాలి. సెయింట్ ఆండ్రూస్‌కు లేని నామోషీ మనకెందుకు?

ఐదు: మండలానికొక ఆటస్థలం, ఒక కోచ్. పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం, కొత్తూరు.. ఎక్కడా గేటు లేకుండా. నడిపేది ఊరి కమిటీ, లెక్కలు చెప్పేది ఊరి నడిబొడ్డున.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఒక్క గోల్ఫ్ మైదానం భూమి ధర పెడితే చాలా వరకు తీరేవే. తీర్చే మనసున్న ప్రభుత్వం ఇంతవరకు రాలేదు, మనం తెచ్చుకోవాలి. అన్నలారా, ఈ అక్టోబరులో రైలెక్కే ముందు ఒక్క పని చేయండి. మీ ఊరి బడి మైదానం, మీ ఊరి చెరువుగట్టు, మీ ఊరి బీడు ఎవరి పేరున ఉన్నాయో తహసీల్దారు ఆఫీసుకు పోయి అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఐదు రూపాయల దరఖాస్తు. రాష్ట్రం ఏర్పడేదాకా ఆగక్కర్లేని ఉద్యమం ఇది.

మన భూమి మన పేరున! మన నీళ్ళు మన పొలాన! మన ఆట మన పిల్లలకు!

జై కళింగాంధ్ర!